తోమునా, తుమనా? కొరియా–చైనా గట్టు తగాదాలో పాత చరిత్ర

దక్షిణ కొరియాకూ చైనాకూ మధ్య నేల మీద గజం సరిహద్దు కూడా లేదు. మధ్యలో ఉత్తర కొరియా ఉంది. ఆ ఉత్తర కొరియాకూ చైనాకూ సుమారు 1,400 కిలోమీటర్ల హద్దు ఉంది కానీ, దాని మీద ఆ రెండు ప్రభుత్వాలకూ పేచీ లేదు. 1962లోనే కూర్చుని గీత గీసుకుని సంతకాలు పెట్టేసుకున్నాయి. అయినా 668లో కూలిపోయిన ఒక రాజ్యం ఎవరిదన్న ప్రశ్న మీద సియోల్, బీజింగ్ ఇరవై ఏళ్ళకు పైగా కస్సుబుస్సులాడుతున్నాయి. హద్దే లేని ఇరుగుపొరుగుకు గట్టు తగాదా ఎలా వచ్చింది?

రేపటి మీద భయంతో వచ్చిందని నా జవాబు. ప్యాంగ్యాంగ్‌లో ప్రభుత్వం కూలినా, రెండు కొరియాలు ఒకటైనా, ఆ రోజు గట్టు దగ్గర ఎవరి చేతిలో ఏ కాగితం ఉంటుందన్న ముందుజాగ్రత్త ఇది. అందుకే ఇద్దరూ ప్రాచీన చరిత్రను భూమి దస్తావేజులా పెట్టెలో దాచుకుంటున్నారు. దస్తావేజుగా అది చెల్లదు. పైగా పెట్టె తెరిచిన ప్రతిసారీ తెరిచినవాడికే ఎదురు తిరిగింది.

ముందు ఆ రాజ్యం సంగతి. పేరు కొగుర్యో. చైనా వాళ్ళు గావోగౌలి అంటారు. సంప్రదాయం ప్రకారం క్రీ.పూ. 37లో జుమోంగ్ అనే వీరుడు స్థాపించాడు. మొదటి రాజధాని ఇప్పటి చైనాలోని లియావోనింగ్ రాష్ట్రం, హువాన్‌రెన్ దగ్గర వూను కొండ మీద. తర్వాతిది జిలిన్ రాష్ట్రంలోని జియాన్, యాలూ నది ఒడ్డున. 427లో జాంగ్‌సు రాజు రాజధానిని ప్యాంగ్యాంగ్‌కు మార్చాడు. అంటే ఒకే రాజ్యానికి పాత రాజధానులు నేటి చైనాలో, చివరి రాజధాని నేటి ఉత్తర కొరియాలో. గొడవకు కావాల్సిన సరంజామా అంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది.

2002 ఫిబ్రవరిలో చైనా సామాజిక శాస్త్రాల అకాడమీకి చెందిన సరిహద్దు చరిత్ర కేంద్రం, లియావోనింగ్, జిలిన్, హైలాంగ్‌జియాంగ్ రాష్ట్రాలతో కలిసి ఐదేళ్ళ పథకం మొదలుపెట్టింది. వాడుకలో దాని పేరు ఈశాన్య ప్రాజెక్టు. కొగుర్యో అనేది చైనా ఏలుబడిలోని ఒక స్థానిక మైనారిటీ జాతి పాలన అని అందులో పరిశోధకులు రాశారు. 2004 ఏప్రిల్‌లో చైనా విదేశాంగ శాఖ తన వెబ్‌సైటులో దక్షిణ కొరియా చరిత్ర పరిచయం నుంచి కొగుర్యో పేరు తీసేసింది. సియోల్ నిరసన తెలిపింది. ఆగస్టులో బీజింగ్ ఏం చేసిందంటే, ఆ పేరును తిరిగి పెట్టకుండా 1948కి ముందున్న కొరియా చరిత్ర మొత్తాన్నే ఎత్తేసింది. ఇంతకంటే తెలివైన, ఇంతకంటే మొండి జవాబు ఇంకొకటి ఉండదు. ఆ నెలలోనే చైనా విదేశాంగ ఉపమంత్రి వూ దావై సియోల్ వెళ్ళి, చరిత్ర గొడవను రాజకీయం కానివ్వకూడదని ఐదు అంశాల అవగాహన కుదుర్చుకొచ్చాడు. అంతా నోటిమాటే, కాగితం మీద ఏమీ లేదు.

ఆ మధ్యలో, జులైలో, చైనాలోని సుజౌ నగరంలో యునెస్కో ప్రపంచ వారసత్వ కమిటీ సమావేశమైంది. ఉత్తర కొరియా తన కొగుర్యో సమాధుల దరఖాస్తు ముందే పెట్టుకుంది, 2003లో అది వాయిదా పడింది. చైనా కూడా తన వైపున్న రాజధానులకూ సమాధులకూ దరఖాస్తు పెట్టింది. చివరికి రెండింటినీ ఒకే సమావేశంలో, వేర్వేరు పేర్లతో, వేర్వేరు దేశాల ఖాతాల్లో చేర్చారు. ఒకే రాజవంశం గోడల మీద గీయించుకున్న బొమ్మలకు రెండు పట్టాదారు పాసుపుస్తకాలు!

ఇప్పుడు ఎవరి తర్కం ఏమిటో చూద్దాం.

చైనా తర్కానికి మూలం ఒక పటం. చారిత్రక భూగోళ పండితుడు తాన్ చీషియాంగ్ ఆధ్వర్యంలో తయారైన చారిత్రక పటాల సంపుటాల్లో ఒక నియమం పెట్టుకున్నారు: 18వ శతాబ్దం మధ్య నుంచి 1840 నల్లమందు యుద్ధం దాకా, చైనా చివరి రాజవంశమైన చింగ్‌ల సామ్రాజ్యం ఎంత ఉందో ఆ పరిధిలో చరిత్ర పొడవునా జరిగినదంతా చైనా చరిత్రే. పొలం ఇవాళ నాది కాబట్టి, వెయ్యేళ్ళ కిందట అందులో దున్నినవాడు కూడా మా ఇంటి పాలేరే అన్నట్టు. పటం గీసుకోడానికి ఇది సౌకర్యమే, ఎక్కడో ఒకచోట గీత ఆపాలి కదా. దాన్ని మనుషుల మీద రుద్దితేనే చిక్కు. అంతకుముందు చైనా చరిత్రకారుల్లో ఇంకో సర్దుబాటు నడిచేది: 427లో రాజధాని మారేదాకా కొగుర్యో చైనా చరిత్ర, మారాక కొరియా చరిత్ర. దీన్ని 'ఒకే చరిత్ర, రెండు వాడకాలు' అనేవారు. ఈశాన్య ప్రాజెక్టు ఆ రెండో వాడకాన్ని కూడా తీసేసింది.

చైనా పండితులు చూపే సాక్ష్యాలు ప్రధానంగా మూడు. కొగుర్యో రాజులు చైనా రాజవంశాలకు కానుకలు పంపి, బిరుదులు పుచ్చుకున్నారన్నది మొదటిది. నిజమే, పుచ్చుకున్నారు. అయితే కొరియా ద్వీపకల్పంలో అప్పుడున్న మిగతా రెండు రాజ్యాలు, బెక్జే, సిల్లాల రాజులూ పుచ్చుకున్నారు. 5వ శతాబ్దంలో జపాన్‌కు చెందిన ఐదుగురు 'వా' రాజులు దక్షిణ చైనా ఆస్థానం నుంచి ఇలాంటి బిరుదులే అడిగి తెచ్చుకున్నారు. ఈ లెక్కన జపాన్ కూడా చైనా స్థానిక పాలనే అవ్వాలి. ఆ మాట ఎవరూ అనరు, ఎందుకంటే జపాన్‌తో గట్టు లేదు, సముద్రముంది. రెండోది, రాజ్యం కూలాక ప్రజలు చైనాలో కలిసిపోయారని. అప్పుడు చైనాను ఏలుతున్న టాంగ్ ప్రభుత్వం 669లో 38,200 కుటుంబాలను చైనా లోపలికి తరలించినట్టు చైనా గ్రంథాల్లోనే ఉంది. యుద్ధంలో ఓడినవాళ్ళను ఎడ్లబండ్ల మీద తోలుకెళ్ళి, వీళ్ళు మొదట్నుంచీ మావాళ్ళే అనడం వింతగా ఉంటుంది. మూడోది, సుయి, టాంగ్ వంశాలు కొగుర్యోతో చేసినవి దేశంలోపలి ఏకీకరణ యుద్ధాలని. 612లో సుయి చక్రవర్తి 11,33,800 మంది సైన్యంతో బయల్దేరాడనీ, లియావో నది దాటి ముందుకు వెళ్ళిన 3,05,000 మందిలో 2,700 మందే తిరిగొచ్చారనీ సుయి చరిత్ర గ్రంథం చెబుతుంది. అంకెల్లో అతిశయం ఉండొచ్చు. కానీ సొంత జిల్లా మీదికి పదకొండు లక్షల మందిని తీసుకెళ్ళేవాడు ఉండడు.

చైనా ప్రభుత్వమే ఒకప్పుడు వేరుగా మాట్లాడిందన్నది ఇక్కడ కొసమెరుపు. 1963లో ప్రధాని చౌ ఎన్‌లై ఉత్తర కొరియా శాస్త్రవేత్తల బృందంతో మాట్లాడుతూ, తమ చరిత్రకారుల పెద్దన్న ధోరణిని తప్పుబట్టాడు. కొరియన్ల పూర్వీకులు ఈశాన్య చైనాలోని లియావో, సుంగారి నదుల పరీవాహకంలో చిరకాలం ఉన్నారని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత రెండు దేశాల పురావస్తు బృందాలు కలిసి ఈశాన్య చైనాలో తవ్వకాలూ చేశాయి. అప్పుడు సోవియట్ యూనియన్‌తో చైనాకు చెడింది, ఉత్తర కొరియా నేత కిమ్ ఇల్-సుంగ్ స్నేహం కావాలి. ప్రాచీన చరిత్ర అప్పుడూ అవసరానికే మాట్లాడింది.

మరి కొరియా వైపు? వీళ్ళ తర్కంలో బలం ఉంది, బలహీనతను మాత్రం తక్కువమంది ఒప్పుకుంటారు.

బలం వారసత్వ స్మృతిలో ఉంది. 918లో మొదలైన రాజ్యం తన పేరును గొర్యో అని పెట్టుకుంది. అది కొగుర్యో పేరే, ప్రపంచం ఇవాళ పలికే 'కొరియా' అక్కణ్ణుంచే వచ్చింది. 993లో, ఉత్తరాన రాజ్యమేలుతున్న ఖితాన్ల సేనాని షియావ్ సున్‌నింగ్ పెద్ద సైన్యంతో దిగి, మీ గొర్యో పుట్టింది సిల్లా నేలలో, కొగుర్యో భూమి మాది, అది ఖాళీ చెయ్యండి అన్నాడు. గొర్యో తరఫున సో హుయి అనే దొర ఒక్కడే అతని గుడారానికి వెళ్ళాడు. మేం కొగుర్యో వారసులం కనుకనే పేరు గొర్యో, లెక్కకి వస్తే మీ తూర్పు రాజధానే మా హద్దుల్లో ఉంది అని ఎదురు తిరిగాడు. మీతో రాకపోకలు సాగక పోవడానికి కారణం మధ్యలో అడ్డున్న జుర్చెన్ తెగలవాళ్ళు, వాళ్ళను తొలగిస్తే రాకపోకలు అవే మొదలవుతాయి అని మెలిక పెట్టాడు. ఖితాన్‌కు అసలు కావలసింది వెనక ఉన్న సోంగ్ చైనాతో గొర్యో తెగతెంపులు. ఫలితంగా యుద్ధం ఆగింది, యాలూకు తూర్పున ఆరు కోటల ప్రాంతం గొర్యో చేతికొచ్చింది. చరిత్ర చెప్పి భూమి సంపాదించిన అరుదైన సందర్భం అది. కొరియా పిల్లలు ఇప్పటికీ పాఠంగా చదువుతారు. కానీ అందులో పనిచేసింది వంశవృక్షం కంటే ఎక్కువగా ఎదుటివాడి అవసరం పసిగట్టడం. ఆ సగాన్ని నినాదాలు ఇచ్చేవాళ్ళు వదిలేస్తారు.

చరిత్ర దస్తావేజు అన్న ఆలోచనను కొరియాలో సూటిగా చెప్పినవాడు యూ దుక్-గోంగ్. 1784లో ఆయన బల్హే రాజ్యం గురించి రాశాడు. కొగుర్యో కూలిన ముప్పై ఏళ్ళకు, 698లో, అదే నేలలో లేచి 926 దాకా ఉన్న రాజ్యం బల్హే. గొర్యో వాళ్ళు బల్హే చరిత్ర రాసి పెట్టుకుని ఉంటే జుర్చెన్ల దగ్గరికో ఖితాన్ల దగ్గరికో వెళ్ళి మా భూమి మాకివ్వమని అడగగలిగేవాళ్ళు, రాయలేదు కనుక అడగడానికి ఆధారమే లేకుండా పోయింది అని ఆయన బాధ. గొర్యో కాలంలో, 1145లో, కిమ్ బు-సిక్ కూర్చిన మూడు రాజ్యాల చరిత్రలో బల్హేకు చోటు లేదు మరి.

బలహీనత కూడా అక్కడే ఉంది. కొగుర్యోను కూల్చింది టాంగ్ ఒక్కటే కాదు, దానితో చేతులు కలిపిన సిల్లా. ఆధునిక కొరియా జాతీయకథలో సిల్లా ఏకీకరణ గొప్ప ఘట్టం. అదే కథలో కొగుర్యో పతనం గొప్ప విషాదం. రెండింటికీ ఒకే రోజు హారతి పట్టాలి. ఇక బల్హే స్థాపకుడి గురించి టాంగ్ పాత చరిత్ర ఒకమాట, కొత్త చరిత్ర ఇంకోమాట అంటాయి. మొదటిది అతణ్ణి కొగుర్యో శాఖవాడంటుంది, రెండోది కొగుర్యోకు అనుబంధంగా ఉన్న సుమో మోహే తెగవాడంటుంది. బల్హే రాజు మాత్రం 8వ శతాబ్దంలో జపాన్‌కు రాసిన ఉత్తరంలో తనను గొర్యో, అంటే కొగుర్యో, రాజునని చెప్పుకున్నాడు. ఆ నేలలో కొంత ఇప్పుడు రష్యాలో ఉంది, కాబట్టి అక్కడి పండితులదీ మూడో కథ.

రాజవంశాల వాదం ఎంత లాగినా తెగదు. అసలు గట్టు ఎక్కడ తప్పిందో తెలియాలంటే 1712 దగ్గరికి రావాలి.

చింగ్ చక్రవర్తులు మంచూలు. వాళ్ళ పుట్టుక కథ చాంగ్‌బైషాన్ చుట్టూ తిరుగుతుంది. ఆ కొండే కొరియన్లకు పెక్తు. ఎత్తు 2,744 మీటర్లు, నెత్తిన అగ్నిపర్వత బిలంలో నీలి సరస్సు. అడవుల్లో దొరికే జిన్సెంగ్ వేళ్ళ కోసం కొరియన్లు దొంగచాటుగా యాలూ దాటేవాళ్ళు. 1710లో అలా దాటినవాళ్ళు అవతలివాళ్ళను చంపడంతో కాంగ్‌షీ చక్రవర్తికి సాకు దొరికింది. హద్దు చూసి రమ్మని ముకెదెంగ్ అనే అధికారిని పంపాడు. కొరియా తరఫున వచ్చిన ఇద్దరు పెద్ద అధికారులను, మీరు వయసు మళ్ళినవాళ్ళు కొండెక్కలేరు అని కిందే ఉంచేసి, చిన్న ఉద్యోగులనూ దుబాసీలనూ వెంటబెట్టుకుని అతను పైకెక్కాడు. సరస్సుకు ఆగ్నేయంగా సుమారు నాలుగు కిలోమీటర్ల దూరంలో, నడుమెత్తు మించని ఒక రాయి పాతించాడు. దాని మీద చెక్కినది ఇంతే: ఆజ్ఞ మేరకు హద్దు చూడటానికి ఇక్కడికి వచ్చి పరిశీలించగా, పడమర యాలూ, తూర్పున తోమున్, అందుచేత ఈ నీటి విభజన గుట్ట మీద రాతిపై రాయించడమైనది. కింద కాంగ్‌షీ 51వ ఏడు, అయిదో నెల, 15వ తేదీ.

యాలూతో ఇబ్బంది లేదు, అందరికీ కనిపించే నది. తోమున్‌తో వచ్చింది. తూర్పుకు పారే పెద్ద నదిని కొరియన్లు తుమన్ అంటారు, చైనీయులు తుమెన్ అంటారు. రాతి మీద ఉన్న లిపి సంకేతాలు వేరు. 'మట్టి ద్వారం' అని అర్థం వచ్చే రెండు అక్షరాలవి. ఆ రెండు అక్షరాలు తుమన్ నది పేరుకే ఇంకో రాతా, లేక వేరే వాగు పేరా? వేరే వాగైతే అది ఉత్తరానికి పారి సుంగారిలో కలుస్తుంది, అప్పుడు తుమన్‌కు ఉత్తరాన ఉన్న విశాలమైన నేల కొరియాదవుతుంది. ఆ నేలనే కొరియన్లు గాండో అంటారు. ఇప్పటి యాన్‌బియాన్.

తప్పు ఎలా జరిగిందో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. కొండ నెత్తిన పుట్టే వాగులు కొంతదూరం పోయి ఇసుక రాళ్ళలో ఇంకిపోతాయి, మళ్ళీ కింద ఎక్కడో పైకి ఉబుకుతాయి. మధ్యలో జనానికి హద్దు తెలియదు కనుక, రాయి దగ్గర్నుంచి నీళ్ళు పైకొచ్చే చోటుదాకా రాళ్ళకుప్పలు, మట్టి దిబ్బలు, కర్రకంచె కట్టమని ముకెదెంగ్ కొరియాకు చెప్పి వెళ్ళిపోయాడు. పని మొదలుపెట్టాక కొరియా ఉద్యోగులు కనిపెట్టింది ఏమిటంటే, పెద్దమనిషి చూపించిన వాగు తుమన్‌లో కలవదు, ఉత్తరానికి తిరుగుతుంది. ఆస్థానానికి రాసి జవాబు వచ్చేదాకా ఆగకుండా, కంచెను వాళ్ళే పక్కకు మళ్ళించి అసలు తుమన్ ఊట వైపు తీసుకెళ్ళారు. తర్వాత వాళ్ళకు విచారణ తప్పలేదు. ముకెదెంగ్‌కు మాత్రం తన తప్పు తెలియనివ్వలేదు. తెలిస్తే చక్రవర్తి ఇంకో అధికారిని పంపి, గట్టును ఇంకా కిందికి జరుపుతాడేమోనన్న భయం.

ఇక ఆ తర్వాత పనిచేసింది చెదపురుగు. రాళ్ళకుప్పలూ మట్టి దిబ్బలూ ఉత్తరానికి పోయే వాగు వెంట ఉన్నాయి, మళ్ళించిన భాగం ఎక్కువగా కర్రతో కట్టింది. నూట డెబ్బై ఏళ్ళలో కర్ర పుచ్చి మట్టిలో కలిసింది. 1869, 70ల్లో కొరియా ఈశాన్యంలోని హామ్‌గ్యోంగ్ ప్రాంతాన్ని ఘోరమైన కరువు పట్టుకుంది, వేలమంది తుమన్ దాటి గాండోలో పొలాలు చేసుకున్నారు. 1880ల మొదట్లో చింగ్ ప్రభుత్వం వాళ్ళను ఖాళీ చేయించాలని చూసింది. అప్పుడు రైతులూ అధికారులూ కొండెక్కి చూస్తే మిగిలినవి రాళ్ళు, దిబ్బలు. అవి చూపించేది సుంగారి వైపు. ఇదిగో హద్దు, తోమున్ వేరు, తుమన్ వేరు అన్నారు. అబద్ధం ఆడలేదు పాపం. కళ్ళకు కనిపించిన సగం సాక్ష్యాన్నే చదివారు.

1885లో, 1887లో రెండు ప్రభుత్వాల సర్వేలు జరిగాయి. కొరియా ప్రతినిధి యి జుంగ్-హా. తల తెగినా హద్దు తగ్గనివ్వనన్నాడని ఆయనకు పేరు. కొరియాలో గాండో వాదులకు ఆయన దేవుడు. కానీ ఆయన 1885లో కొండ మీద పుచ్చిపోయిన కంచె ఆనవాళ్ళు వెతికి పట్టుకున్నాడు. అవి తుమన్ ఊట వైపే పోతున్నాయని తన ప్రభుత్వానికి విడిగా రాశాడు కూడా. 1887 చర్చల్లో ఆయన పట్టుబట్టింది గాండో కోసం కాదు. తుమన్ హద్దు అన్నది అప్పటికి తేలిపోయింది, మిగిలింది ఏ ఊట దగ్గర్నుంచి గీత మొదలవ్వాలన్నదే. చింగ్ వాళ్ళు షియీ వాగు అన్నారు. ఆయన ఇంకాస్త ఉత్తరాన ఉన్న హోంగ్‌తో వాగు అన్నాడు. తేలకుండానే లేచిపోయారు.

1905లో జపాన్ కొరియా విదేశాంగాన్ని లాక్కుంది. 1909 సెప్టెంబరు 4న చింగ్‌తో గాండో ఒప్పందం చేసుకుని, తుమన్ హద్దు, ఊట షియీ వాగు అని రాసిచ్చేసింది. బదులుగా జిలిన్ నుంచి కొరియాలోని హోర్యోంగ్ దాకా రైలు మార్గం దక్కించుకుంది. అదే రోజు కుదిరిన ఇంకో ఒప్పందంలో ఫుషున్, యాన్‌తాయ్ బొగ్గు గనుల్లో హక్కులు. ఇల్లు వేరొకడిది, అమ్మినవాడు వేరొకడు అని కొరియన్లు మండిపడటంలో పూర్తి న్యాయముంది.

కాకపోతే ఆ కోపం ఎక్కడికి తీసుకెళ్తుందో చూడాలి. 1909 కాగితం చెల్లదనుకుందాం, చించేద్దాం. అప్పుడు మిగిలేది 1887 నాటి స్థితి. అందులో గాండో లేదు, రెండు వాగుల మధ్య తేడా ఉంది. 1962 అక్టోబరులో చౌ ఎన్‌లై, కిమ్ ఇల్-సుంగ్ ప్యాంగ్యాంగ్‌లో సంతకం చేసిన ఒప్పందంలో హద్దు ఏ వాగు మీద పెట్టారో తెలుసా? హోంగ్‌తో మీద. యి జుంగ్-హా అడిగిన వాగు మీద. పైగా 1712 రాయి లెక్కన సరస్సు పూర్తిగా చైనా వైపు పోవాలి. 1962లో సరస్సులో 54.5 శాతం ఉత్తర కొరియాకు వచ్చింది, పెక్తు ఎత్తయిన శిఖరంతో సహా. 1964 నాటి అనుబంధ పత్రం ప్రకారం యాలూ, తుమన్ నదుల్లోని 451 లంకల్లో, ఇసుక తిన్నెల్లో 264 ఉత్తర కొరియాకు, 187 చైనాకు. నీటి మధ్య గీత గీయలేదు, నదిని ఇద్దరూ వాడుకోవాలి.

రెండున్నర శతాబ్దాల్లో కొరియన్లకు దక్కిన మేలైన బేరం ఇదేనని నా అభిప్రాయం. దాన్ని కుదిర్చింది సియోల్ గుర్తించని ప్రభుత్వం, అదీ రహస్యంగా. కాబట్టి సియోల్ దాన్ని మెచ్చుకోలేదు, కొట్టిపారేయనూ లేదు. దక్షిణ కొరియా రాజ్యాంగం మూడో అధికరణం దేశమంటే కొరియా ద్వీపకల్పం, దాని పక్క దీవులు అంటుంది. అందులో గాండో ఇమడదు. రేపు కొరియాలు కలిస్తే 1962 హద్దు వారసత్వంగా వస్తుందా? 1978 నాటి వియన్నా ఒప్పందం పదకొండో అధికరణం ప్రకారం, రాజ్యం మారినంత మాత్రాన సంధి వేసిన హద్దు మారదు. గాండో నినాదం గట్టిగా ఇచ్చేవాళ్ళు ఆ సంధినే కాలదన్నమంటున్నారు. కాలదన్నితే మొదట పోయేది సరస్సులో సగం.

2009లో దక్షిణ కొరియా ఇంటర్నెట్‌లో ఒక పుకారు ఊపేసింది: గాండో ఒప్పందానికి సెప్టెంబరుతో వందేళ్ళు నిండుతాయి, ఆలోగా అంతర్జాతీయ న్యాయస్థానంలో కేసు వెయ్యకపోతే హక్కు శాశ్వతంగా పోతుంది అని. అంతర్జాతీయ చట్టంలో అలాంటి వందేళ్ళ గడువు ఎక్కడా లేదు. మన దగ్గర పన్నెండేళ్ళ అనుభవం మీద పొలం కేసులు వినీ వినీ అలవాటైన చెవులకు ఇది నిజంలా అనిపిస్తుంది కానీ, దేశాల మధ్య ఆ లెక్క లేదు. పైగా ఆ కోర్టుకు వెళ్ళాలంటే రెండు పక్షాలూ ఒప్పుకోవాలి. చైనా ఒప్పుకోదు.

దస్తావేజులా వాడితే సాక్ష్యానికి ఏ గతి పడుతుందో ఇంకో రాయి చూపిస్తుంది. జియాన్‌లో క్వాంగేతో రాజు శిలాస్తంభం ఉంది. 414లో కొడుకు జాంగ్‌సు నిలబెట్టాడు. ఎత్తు 6.39 మీటర్లు, నాలుగు ముఖాల మీదా కలిపి 1,775 దాకా అక్షరాలు. రాజ్యం పోయాక ఎవరిదో తెలియక పడి ఉంది. 1880 ప్రాంతంలో మళ్ళీ పండితుల దృష్టిలో పడింది. నాచు దట్టంగా పట్టేసి ఉంటే, పేడ పులిమి నిప్పుపెట్టి కాల్చారు. నాచు పోయింది, దాంతోపాటు రాతి పెచ్చులూ లేచిపోయాయి.

శాసనాన్ని కాగితం మీదికి దించాలంటే తడి కాగితం రాతికి అంటించి, కుంచెతో కొట్టి అక్షరాల గుంతల్లోకి దించి, సగం ఆరాక సిరా మూటతో అద్దుతారు. గుంత తెల్లగా, మిగతాది నల్లగా వస్తుంది. రాయి గరుకుగా ఉంటే అక్షరం చెదిరిపోతుంది. చెదిరిన ప్రతికి ధర పలకదు. అందుకని అక్కడ ప్రతులు తీసి అమ్ముకునేవాళ్ళు సున్నం పూసి గుంతలు పూడ్చి, తమకు తోచినట్టు అక్షరాలను సరిదిద్దారు. ఇంకో పద్ధతిలో కాగితం మీద అక్షరం అంచులు గీసి చుట్టూ సిరా నింపేవారు. 1883లో జపాన్ సైనికాధికారి సకో కగెయాకి తీసుకెళ్ళిన ప్రతి ఈ రెండో రకానిది, 130కి పైగా ముక్కలుగా ఉండేది. అందులో 391వ సంవత్సరం గురించి ఒక వాక్యం ఉంది. 'వా' వాళ్ళు సముద్రం దాటి బెక్జేను, సిల్లాను లొంగదీసుకున్నారని జపాన్ పండితులు చదివారు. కొరియా ఒకప్పుడు మాదే అనడానికి సామ్రాజ్యవాదులకు అది చేతికందిన కర్ర. ప్రాచీన చైనీస్ లిపిలో విరామ చిహ్నాలుండవు. కర్త ఎవరన్నది చదివేవాడి ఇష్టం. సముద్రం దాటింది కొగుర్యో సేనే అని కొరియా పండితులు చదివారు. 1972లో జపాన్‌లోని కొరియన్ చరిత్రకారుడు లీ జిన్-హుయి జపాన్ సైన్యమే సున్నంతో అక్షరాలు మార్చిందన్నాడు. తర్వాత సకో కంటే ముందుతరం ప్రతి బయటపడి, కుట్ర వాదన నిలవలేదు. సున్నం నిజం, కుట్ర కాదు. మంచి ప్రతికి నాలుగు రూకలు ఎక్కువ వస్తాయన్న వ్యాపారం అది.

మరి ఆ శాసనంలో రాజుకు నిజంగా ముఖ్యమైన విషయం ఏమిటి? స్థాపకుడు ఉత్తర బుయో రాజ్యం నుంచి వచ్చిన దైవపుత్రుడు, నదీదేవత కూతురి కొడుకు అని మొదలవుతుంది, రాజుకు సొంత శకం పేరు కూడా ఉంది. ఎవరికో స్థానిక ఉద్యోగి శకం పేరు పెట్టుకోడు. తర్వాత విజయాలు. ఆ తర్వాత ఒక పెద్ద భాగమంతా సమాధుల కాపలాదారుల పట్టిక: ఏ ఊరి నుంచి ఎన్ని కుటుంబాలు, మొత్తం 330. వాళ్ళను ఎవరూ అమ్మకూడదు, అమ్మినవాణ్ణి శిక్షిస్తారు, కొన్నవాడే ఆ సమాధికి కాపలా కాయాలి. కావలివాళ్ళ ఊళ్ళు కలగలిసిపోయి పాత రాజుల సమాధులు దిక్కులేనివి అవుతున్నాయని రాజు దిగులు. చైనా, కొరియా అన్న మాటలకు ఆ రాతి మీద చోటే లేదు.

చైనాకు ఇంత కంగారు ఎందుకంటే, కారణాలు పూర్తిగా ఊహలు కావు. 1992లో సంబంధాలు మొదలయ్యాక దక్షిణ కొరియా పర్యాటకులు జియాన్‌కూ యాన్‌బియాన్‌కూ వచ్చి, ఇది మా పూర్వీకుల నేల అని బహిరంగంగా అనడం మొదలుపెట్టారు. చైనాలో సుమారు 17 లక్షల మంది కొరియన్ జాతివాళ్ళున్నారు. 2001 నవంబరులో దక్షిణ కొరియా రాజ్యాంగ న్యాయస్థానం, విదేశీ కొరియన్ల చట్టంలో వాళ్ళను మినహాయించడం తప్పంది. తర్వాత చట్టం మార్చారు. ఇంకో దేశపు పార్లమెంటు నీ పౌరులకు హోదా ఇస్తుంటే ఏ ప్రభుత్వానికైనా చెవులు నిక్కబొడుచుకుంటాయి. అంతమాత్రాన యాన్‌బియాన్ విడిపోయే ప్రమాదం ఏమీ లేదు. 1952లో స్వయంప్రతిపత్తి ఏర్పడినప్పుడు అక్కడ కొరియన్లు అరవై శాతం పైన ఉండేవాళ్ళు, ఇప్పుడు మూడోవంతు కూడా లేరు. పిల్లలు సియోల్‌లో పనిచేస్తున్నారు. బీజింగ్ భయపడే జనం భూమి కోసం రావడం లేదు, జీతం కోసం వెళ్ళిపోతున్నారు.

భయం ఉన్నా లేకపోయినా పని మాత్రం సాగుతూనే ఉంది. 2007 జనవరిలో చాంగ్‌చున్ శీతాకాల ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియా స్కేటింగ్ అమ్మాయిలు ఐదుగురు, ఒక్కో కాగితం మీద ఒక్కో అక్షరంతో, పెక్తు మా నేల అని ఏడు కాగితాలు ఎత్తిపట్టారు. చైనా నిరసన తెలిపింది. 2012లో చైనా మహాకుడ్యం పొడవు 21,196 కిలోమీటర్లని ప్రకటించారు, అందులో జిలిన్, హైలాంగ్‌జియాంగ్ గోడలూ చేరాయి. కొగుర్యో, బల్హే కోటలను కలిపేసుకున్నారని సియోల్ మండిపడింది. 2022లో బీజింగ్ జాతీయ మ్యూజియం ఒక ప్రదర్శనలో కొరియా కాలక్రమ పట్టిక నుంచి కొగుర్యో, బల్హేలను తీసేసింది. అసలు సమాచారం ఇచ్చిన కొరియా మ్యూజియం గట్టిగా అడిగాక పట్టికనే తొలగించింది. 2004 నాటి వెబ్‌సైటు ఉపాయమే, అక్షరం పొల్లు పోకుండా.

రెండు వైపులా తప్పు సమానమని నేననను. ఒకవైపు ప్రభుత్వ నిధులతో, అకాడమీతో, రాష్ట్రాల యంత్రాంగంతో నడిచిన పని. ఇంకోవైపు చాలామటుకు టీవీ, పుస్తకాలు, ఆవేశం. 2006లో దక్షిణ కొరియా చానళ్ళలో కొగుర్యో స్థాపకుడి మీద, చివరి సేనాని మీద, బల్హే స్థాపకుడి మీద మూడు భారీ సీరియళ్ళు ఒకేసారి నడిచాయి. అదే ఏడు సియోల్ ప్రభుత్వం ఈశాన్య ఆసియా చరిత్ర ఫౌండేషన్ పెట్టింది. పరిశోధనకు నిజంగా మేలు చేసింది ఆ ఫౌండేషన్ లాంటి ఓపిక పనే. సీరియళ్ళు చేసింది మరొకటి: చైనాలో తిరిగి చూపించుకోడానికి సాక్ష్యం ఇచ్చాయి, చూశారా వీళ్ళ కన్ను మన నేల మీదే అని.

ఇందులో నోరు మెదపనిది ఉత్తర కొరియా. కొగుర్యోను జాతి చరిత్రకు వెన్నెముకగా చెప్పుకునే దేశం, ఈశాన్య ప్రాజెక్టు మీద బీజింగ్‌తో బాహాటంగా తలపడలేదు. బియ్యం, నూనె వచ్చే దారి చైనా నుంచి యాలూ దాటే వంతెన మీదుగానే. పనులు మాత్రం చేసుకుపోతుంది. 2024 మార్చిలో చాంగ్‌బైషాన్ యునెస్కో భౌగోళిక ఉద్యానమైంది, 2025లో పెక్తు పేరుతో కొరియా వైపూ అయింది. ఒకే కొండ, రెండు దరఖాస్తులు, రెండు పేర్లు. సుజౌలో జరిగినదే మళ్ళీ.

1712 రాయి ఇప్పుడు అక్కడ లేదు. 1931లో ఎవరు తీసుకెళ్ళారో కనిపించకుండా పోయింది. సరస్సు పడమటి వాలు మీద ఇప్పుడున్నది 1962 ఒప్పందం నాటించిన హద్దురాళ్ళ వరస. ఒక ముఖం మీద చైనా అని చైనీస్‌లో, వెనక ముఖం మీద, ఉత్తర కొరియా తనను పిలుచుకునే పేరు, చోసన్ అని కొరియన్‌లో. దక్షిణ కొరియా పర్యాటకులు చైనా టికెట్టు కొనుక్కుని, చైనా బస్సులో వచ్చి, ఆ రాయి పక్కన నిలబడి ఫొటో దిగుతారు. వాళ్ళ జెండా తీస్తే కాపలావాళ్ళు లోపల పెట్టేయమంటారు. చాలామంది రాయి చుట్టూ తిరిగి, చోసన్ అని ఉన్న ముఖం వైపు నిలబడతారు.